లవణరాజు పెళ్ళి ఆగిన సంగతి

బరంపురంలో నన్ను ఎవరైనా "ఏం ఉద్యోగం చేశారండీ" అని అడిగితే, "అబద్ధాలు ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో చూసేవాణ్ణి" అంటాను. ప్లీడరు గుమాస్తానేమో అనుకుని ఊరుకుంటారు. నిజానికి నేను పనిచేసింది బొమ్మల కథల పత్రికలో. సూపర్‌హీరోల కథలు. నెలకొక సంచిక, ఒకే బొమ్మలు, రెండు భాషలు. తెలుగులో దాని పేరు 'సరిహద్దు వీరులు', ఒడియాలో 'సీమా బీర'. ఆ వీరుల లోకానికి ఒక చరిత్ర ఉండేది. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరికి ఏ శక్తి ఉంది, ఎవరు ఎవరికి ఏమవుతారు అన్నదంతా ఒక నల్ల అట్ట నోటుబుక్కులో రాసి, కొత్త కథ వచ్చినప్పుడల్లా దానికి తేడా రాకుండా చూడడం నా పని.

మా వీధి చివరింటి అమ్మాయి ఇలాంటి పనిలోనే చేరుతోంది. కంప్యూటర్ల మీద బొమ్మల కథలు చేసే కంపెనీ అట. "తాతగారూ, ఈ పనిలో ఏటి నేర్సుకోవాలి" అని అడిగింది. నోటితో చెప్పబోతే దగ్గొచ్చి ఆగిపోయాను. అందుకని రాస్తున్నాను. ఎప్పుడు చేరాను, ఎప్పుడు పెద్దవాణ్ణయ్యాను లాంటివి ఇందులో ఉండవు. అవి నాకే విసుగు.

గీతల దొర ఎలా పుట్టాడు

మా నాన్నకి బరంపురం గోసాని నువాగాంలో పప్పుల దుకాణం. ఒడిశా కొత్త రాష్ట్రమైన రోజుల్లో నేను చంటిపిల్లవాణ్ణి. మా పెద్దత్త, అంటే నాన్నకి అక్క, ఇచ్ఛాపురంలో ఉండేది. "పొద్దున్న లేసేసరికి మా అప్ప మద్రాసోళ్ళ మనిషి, మేము ఒడిశావోళ్ళం. మద్దిన ఎవుడో గీత గీసీసాడు. ఆ గీత ఎక్కడుందా అని నేను దారంతా ఎతుక్కుంటూ ఎల్లాను, కనిపించలేదు" అనేవాడు నాన్న, చుట్ట కాల్చుకుంటూ.

పత్రిక మొదలుపెట్టినప్పుడు ప్రెస్సు యజమాని జగ్గారావు గారు ముందు ఒక దుర్మార్గుణ్ణి తయారుచెయ్యమన్నారు. వీరుడి సంగతి తరవాత చూద్దామన్నారు. నాకు నాన్న వెతికిన గీత గుర్తొచ్చింది. మా లోకం చరిత్ర అక్కడే మొదలైంది. కొత్త రాష్ట్రం పుట్టిన ఏడు, ఇనప గొలుసు భుజాన వేసుకున్న సర్వే మనిషి ఒకడు ఊళ్ళ మధ్య గీతలు గీస్తూ వస్తాడు. ఆ గీతకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఒకరినొకరు మరిచిపోతారు. అక్క తమ్ముణ్ణి మరిచిపోతుంది. గేదె తన పాకని మరిచిపోతుంది. వాడే గీతల దొర.

వాణ్ణి ఎదిరించడానికి ఇద్దరు పుట్టారు. హుమ్మ ఉప్పు మడుల్లో పనిచేసే లవణరాజు ఊపిరి బిగిస్తే ఒళ్ళంతా ఉప్పురాయిలా గట్టిపడుతుంది. కత్తి దిగదు, తూటా దిగదు. వానలో మాత్రం కరుగుతాడు. పొలసర పిల్ల గౌరి ఒక్క ఊపిరికి ఎంత దూరం పోగలిగితే అంత దూరం గాలికంటే ముందు పోతుంది. రాజు తల్లికి స్వయానా అన్నగారి కూతురు ఈ గౌరి. ఈ చివరి వాక్యం నోటుబుక్కు మొదటి పేజీలోనే రాశాను. అప్పుడు రెండోసారి ఆలోచించలేదు. ఆలోచించాల్సింది.

ఆముదం

మొదటి పెద్ద తప్పు వానది. బొమ్మలు వేసే చిట్టిబాబుకి వాన గీయడమంటే మహా సరదా. పేజీనిండా ఏటవాలు గీతలు గీసి, మధ్యలో లవణరాజుని నడిపించేశాడు. చూసి ఆపాల్సినవాణ్ణి నేను. బొమ్మ బాగుందని మెచ్చుకుని పంపేశాను.

ఉత్తరాలు వచ్చాయి. రాజు ఎందుకు కరగలేదు? నేను తెలివిగా జవాబు రాశాను. ఆ రోజు రాజు ఒళ్ళంతా ఆముదం పట్టించుకున్నాడు అని. వారం తిరిగేసరికి హుమ్మ బడి పిల్లలు కార్డు రాశారు. "మేము ఉప్పుగడ్డకి ఆముదం రాసి నీళ్ళల్లో ఏసాము. కరిగిపోయింది. మీరు ఏసి సూసారా?"

నేను వేసి చూడలేదు. సిగ్గేసింది. తరవాతి సంచికలో నిజం ఒప్పుకున్నాం. రాజు ఎడమ చెయ్యి ఆ వానలో సగం కరిగిపోయింది, ఎవరికీ చెప్పకుండా తువ్వాలు కింద దాచుకున్నాడు అని రాశాం. మూడు నెలలు ఒంటిచేత్తోనే పోట్లాడాడు. ఆ మూడు సంచికల కోసం పిల్లలు దుకాణాల దాకా ఆగలేక ప్రెస్సు గుమ్మం దగ్గరికే వచ్చేవారు.

అమ్మాయీ, ఇది గుర్తుపెట్టుకో. తప్పు కనబడినప్పుడు దాని మీద సాకు కప్పకూడదు. కథలోకి తెచ్చి, కథచేత మోయించాలి. ఇది నేను నేర్చుకున్నాననే అనుకున్నాను. అవసరం పడ్డప్పుడు మళ్ళీ ఆముదమే రాశాను.

రెండు పిలుపులు

చిట్టిబాబు మాటల బుడగలు ఖాళీగా వదిలి బొమ్మలు వేసేవాడు. తెలుగు మాటలు నేను చీటీల మీద రాసి ఆ బుడగల్లో అతికించేవాణ్ణి. తెలుగు పేజీలు అచ్చుకి ఫొటో తీశాక ఆ చీటీలు ఊడదీసి, ఒడియా మాటలు రాసే పాఢీ బాబు తన చీటీలు అతికించేవారు. పత్రికకి ముందునుంచీ అదే ప్రెస్సులో నాతో పనిచేస్తున్న మనిషి, నాకంటే అయిదారేళ్ళు చిన్న. ముత్యాల్లాంటి అక్షరాలు, నోట్లో ఎప్పుడూ పాన్, మాట తక్కువ. బరంపురంలోనే పుట్టి పెరిగారు కాబట్టి మాలాగే తెలుగు మాట్లాడేవారు. నన్ను 'సత్యం భాయి' అనేవారు. శనివారం శనివారం మా ఇంట్లోనే మధ్యాహ్నం భోజనం.

మా ఆవిడ సుందరమ్మకి ఆయనమీద ఒకటే ఫిర్యాదు. "నిన్ను నోరారా భాయి అంటాడు. నన్ను మాత్రం ఏటీ అనడు బావా. ఎనిమిదేళ్ళయి నా సేతికూడు తింటన్నాడు, ఏదో ఒక వరస పెట్టి పిలవొచ్చు కదా." ఒడియావాళ్ళు అన్న భార్యని 'భావుజొ' అంటారు. పాఢీ బాబు ఆ మాట ఎప్పుడూ అనలేదు. సిగ్గరి మనిషిలే అని సర్దిచెప్పేవాణ్ణి.

ఇక కథలో. నేను అతికించే బుడగల్లో గౌరి రాజుని 'బావా' అనేది. పాఢీ బాబు అతికించే బుడగల్లో 'భాయి' అనేది. రెండు ప్రతులూ నేనే చదివేవాణ్ణి. తప్పు పట్టడమే నా ఉద్యోగం, అయినా పట్టలేదు. బరంపురంలో పుట్టినవాడి తలకాయలో రెండు ఇళ్ళుంటాయి. మా ఇళ్ళల్లో మేనమామ కూతురు పెళ్ళాడదగిన పిల్ల. పాఢీ బాబు వాళ్ళ ఇళ్ళల్లో మేనమామ కూతురు చెల్లెలు, రాఖీ కట్టే మనిషి. ఏ ఇంట్లో ఉన్నప్పుడు ఆ ఇంటి పిలుపు నా చెవికి సరిగ్గానే వినబడింది. పైగా మా సుందరమ్మ నాకు స్వయానా మేనమామ కూతురు.

రెండేళ్ళు అలా నడిచింది. చిట్టిబాబు రాజుచేత ఓరచూపులు చూపించాడు, గౌరి జడలో మల్లెలు పెట్టాడు. తెలుగు పిల్లలు ముసిముసిగా నవ్వుకున్నారు. ఒడియా పిల్లలు అన్నాచెల్లెళ్ళ ప్రేమ ఎంత బాగుందో అనుకున్నారు. ఒకరోజు జగ్గారావు గారు ఉత్సాహంగా రెండు భాషల్లోనూ ప్రకటన వేయించారు. వచ్చే నెల లవణరాజుకీ గౌరికీ పెళ్ళి.

ఒడియా ఉత్తరాలు సంచుల్లో వచ్చాయి. చెల్లెల్ని పీటల మీద కూర్చోబెడతారా అని ఒక బడి మాస్టారు రాశారు. కొందరు దుకాణదారులు కట్టలు విప్పకుండానే వెనక్కి పంపారు. అంతకంటే నన్ను బాధపెట్టింది మా గోసాని నువాగాం పిల్లలు. రెండు పుస్తకాలూ కలిపి చదువుకునే స్నేహితులు, ఒకళ్ళ ఇళ్ళ ఆచారాన్ని ఒకళ్ళు వెక్కిరించుకుని మాటలు మానేశారు. అప్పటిదాకా వాళ్ళకి ఆ తేడా ఉందనే తెలియదు. నా చరిత్రే నేర్పింది.

పొలసర కార్డు

నాకొక ఉపాయం తట్టింది. పెళ్ళి సంచిక ఒక నెల ఆలస్యం చేసి, మధ్యలో ఒక కథ దూర్చాను. అందులో రాజు మామ, అంటే గౌరి తండ్రి, నోరు విప్పుతాడు. గౌరి తన కన్నబిడ్డ కాదని, తుఫానులో కొట్టుకొచ్చిన పడవలో దొరికిందని చెబుతాడు. రక్తసంబంధం తెగింది, చిక్కు కూడా తెగింది అనుకున్నాను. భుజం నేనే తట్టుకున్నాను.

పాఢీ బాబు ఆ బుడగలు అతికిస్తూ ఒక్కమాట అన్నారు. "పెంచినా సెల్లే కదా, సత్యం భాయి."

"పిల్లల కథండీ, నడిసిపోద్ది" అన్నాను.

నడవలేదు. ఒడియా ఉత్తరాలు ఆగలేదు. వాటితోపాటు పొలసర నుంచి ఒక తెలుగు కార్డు వచ్చింది. గుండ్రటి అక్షరాలు, పదేళ్ళ పిల్లవి అయ్యుంటాయి. "మా అమ్మానాన్నలు నన్ను ఆస్పత్రి నుంచి తెచ్చుకుని పెంచారు. గౌరి మా ఊరే కాబట్టి నాకు ఇష్టం. ఇప్పుడు గౌరి వాళ్ళ నాన్న కూతురు కాదని రాశారు. అయితే నేను కూడా కానా?"

ఆ కార్డు రెండుసార్లు చదివాను. ఒక చిక్కు విప్పడానికి ఎవరి ముడి లాగానో అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. మన కథలోని ఒక వాక్యం ఎవరి ఇంట్లోకి నడిచి వెళుతుందో మనకి తెలియదు. కాబట్టి రాసేముందు, ఆ ఇల్లు ఎలాంటిదై ఉండొచ్చునో ఒక్క నిమిషం ఆలోచించమని మా వీధి అమ్మాయికి నా మాట.

ఎర్ర పెన్సిలు

జగ్గారావు గారు మంచి మనిషి, తొందర మనిషి. నన్ను పిలిచి చెప్పారు. "ఇదేటి పెద్ద పని. తెలుగులో పెళ్ళి సేసీ. ఒడియాలో గౌరికి పేరు మార్సీసి ఇంకో పిల్లని సెయ్యి. ఇకమీదట రెండు కథలు, రెండు సరిత్రలు. ఎవుల్ది ఆళ్ళు సదువుకుంటారు."

నేను ఎదురు చెప్పానని రాస్తే బాగుంటుంది. చెప్పలేదు. తలూపి వచ్చి కూర్చున్నాను. నోటుబుక్కు తెరిచి, స్కేలు పెట్టి, ఎర్ర పెన్సిలుతో పేజీ మధ్య నిలువుగా ఒక గీత గీశాను. ఎడమవైపు తెలుగు అని, కుడివైపు ఒడియా అని రాశాను.

పాఢీ బాబు నా వెనక నిలబడి చూస్తున్నారని తెలియదు. "గీతల దొర పని మీరే సేస్తన్నారు, సత్యం భాయి" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. నా తప్పు ఎవరైనా చూపిస్తే మొదట మండుతుంది, ఇది నా గుణం. "రెండేళ్ళు మీరు భాయి అని రాస్తూ కూకున్నారు. నేను బావ అని రాసింది మీకు తెలీదా? ఒక్కమాట సెప్పుంటే ఇంతదాకా ఒచ్చీదా?"

ఆయన చీటీలు సర్దుకుంటూ తలెత్తకుండా చెప్పారు. "ఎలాగ సెప్పేది? మీ ఇంటికి ఒచ్చిన మొదటి శనారమే ఆమె మిమ్మల్ని బావా అని పిలిసింది. మా మామ కూతురే అని మీరు నవ్వుతా సెప్పారు. మీ పెళ్ళి మీకు మంచిదే. నాకది తెలుసు. కానీ నా నోటికి ఆ వరస రాలేదు. మీ ఇంట్లో అన్నం తింటూ, మా ఇళ్ళల్లో ఇది తప్పు అని ఏటని సెప్పేది?"

ఎనిమిదేళ్ళు. ఆ మనిషి నన్ను నొప్పించకూడదని నోరు కట్టుకుని కూర్చున్నారు. సిగ్గరి మనిషని నేను అనుకున్నాను. స్నేహితుల మధ్య కూడా ఒక గీత ఉండగలదని, అది మర్యాదతో గీసింది కూడా అయ్యుండొచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

రబ్బరు తీసుకుని ఎర్రగీత చెరిపాను. పూర్తిగా పోలేదు. లేచి జగ్గారావు గారి గదిలోకి వెళ్ళాను. "రెండు సరిత్రలు రాయడం నావల్ల కాదండి. కావాలంటే ఇంకొకర్ని సూసుకోండి. లేదంటే మాకు పది రోజులు ఇవ్వండి" అన్నాను. ఆయన "పది కాదు, వారం" అన్నారు.

అడ్డుతెర

పెళ్ళి సంచిక బొమ్మలన్నీ అప్పటికే వేసేశారు. పందిరి, పసుపు దంచడం, చుట్టాలు, చివరికి వధూవరుల మధ్య పట్టుకునే అడ్డుతెర, ఆ తరవాత జీలకర్ర బెల్లం. ఆఖరి ఆరు పేజీలు మాత్రమే మళ్ళీ వేయగలనన్నాడు చిట్టిబాబు. మిగతా బొమ్మలు అలాగే ఉంచి మాటలే మార్చాలి. పాఢీ బాబూ నేనూ ఒకే బల్లకి చెరోవైపు కాకుండా ఒకే వైపు కూర్చున్నాం. ఆ ఏర్పాటు ఆయనదే. ప్రతి బుడగా ఇద్దరం కలిసి రాశాం.

మారిన కథలో, పందిట్లోకి సగంమంది చుట్టాలు పెళ్ళని వచ్చారు, సగంమంది చెల్లెలి ఇంటి పండగని వచ్చారు. అసలు సంగతి తెలిసి గొడవపడ్డారు. తెర పట్టుకున్న పేజీలో ఒక్క గీత కూడా మార్చలేదు. తరవాతి పేజీలో తెర జారింది. కింద నేలమీద, సరిగ్గా తెర ఉన్నచోట, గీత. అటువాళ్ళు ఇటువాళ్ళని మరిచిపోవడం మొదలైంది. రాజు గీతల దొరని పట్టుకున్నాడు. దొర నవ్వి, "ఇది నాది కాదు. ఈసారి మీరే గీసుకున్నారు" అన్నాడు. ఆ మాట పాఢీ బాబుది.

ఒక పేజీ కార్డు రాసిన పొలసర పిల్ల కోసం. పోట్లాట మధ్యలో ఎవరో మామని నిలదీస్తారు, గౌరి నీ కూతురే కాదు కదా అని. మామ అంటాడు: "దొరికిందన్నదీ నిజం. నా కూతురన్నదీ నిజం. ఇందులో ఒకటి తీసేస్తే నేను బతకను." ఈ మాట నాది. రాయడానికి ఒక రోజంతా పట్టింది.

గౌరి ఒక కాలు గీతకి ఇటు, ఒక కాలు అటు వేసి నిలబడుతుంది. "ఇటు నుంచి నా బావ. అటు నుంచి నా అన్న. మనిషి ఒక్కడే. నాకేం కావాలో మీలో ఎవరూ అడగలేదు" అంటుంది. ఈ బుడగ రెండు భాషల్లోనూ ఒకేలా ఉండాలని పట్టుబట్టాం. చెరో భాషలో చెరో మాట పెట్టి తప్పించుకోలేదు. రెండు పిలుపులూ రెండు పుస్తకాల్లోనూ వేశాం. ఇంతలో వాన పట్టుకుంటుంది. పందిరి ఆకుల్లోంచి నీళ్ళు కారతాయి, అందరూ ఇళ్ళల్లోకి పరిగెడతారు. రాజు మాత్రం వానలో ఆ గీత పొడవునా పడుకుంటాడు. కరుగుతాడు. ఉప్పునీళ్ళు గీతని కడుక్కుంటూ పోతాయి.

ఆఖరి పేజీ ఎండాకాలం, హుమ్మ. ఎండిన మడిలో తెల్లగా ఉప్పు తేలుతోంది. అందులో అయిదు వేళ్ళ ఆకారం. ఒడ్డున గౌరి. ఒకే ఒక్క బుడగ: "రాజూ?"

జగ్గారావు గారు తెలుగు ప్రూఫు చదివారు. తరవాత ఒడియాది. మళ్ళీ రెండూ పక్కపక్కన పెట్టి, వేలు పెట్టి ఒక్కొక్క బుడగా సరిపోల్చారు. "పెళ్ళి సంచికలో పెళ్ళి లేదేటి" అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఎయ్యండి. ఏదయితే అదే అవుద్ది" అన్నారు.

ఎండలు ముదిరాక

అందరూ మెచ్చుకున్నారని చెప్పను. పెళ్ళి ఎగ్గొట్టారని తెలుగు పాఠకులు తిట్టారు. కొందరు మానేశారు, తిరిగి రాలేదు. ఒడియా మాస్టారు మాత్రం మళ్ళీ రాశారు. తన బళ్ళో తెలుగు పిల్లల్ని లేపి మీ ఇళ్ళల్లో ఎలా పిలుచుకుంటారో చెప్పమన్నారట. ఒడియా పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారట. మా వీధి పిల్లలు మళ్ళీ ఒకే అరుగు మీద చేరారు. బస్సులు హుమ్మ దాటుతుంటే పిల్లలు కిటికీల్లోంచి ఉప్పు కుప్పలకేసి వేళ్ళు చూపించేవారని కండక్టర్లు చెప్పేవారు. పొలసర నుంచి కార్డు వచ్చింది. ధన్యవాదాలేమీ లేవు. "రాజు ఎప్పుడొస్తాడు? మా నాన్న కూడా అడుగుతున్నారు." అంతే ఉంది.

రాజుని ఎండలు ముదిరాక తీసుకొచ్చాం. వాళ్ళకి పెళ్ళయిందా అని ఇప్పటికీ అడుగుతారు. నోటుబుక్కులో వాళ్ళ వరస దగ్గర రెండు మాటలూ పక్కపక్కన రాసి, మధ్యలో ఏమీ గీయకుండా వదిలేశాను. ఆ తరవాత దాన్ని నేను ముట్టుకోలేదు. ఆ మొండి ఎర్ర గీత ఆనవాలు కూడా ఆ పుస్తకంలో ఇంకా ఉంది, కావాలంటే అమ్మాయి వచ్చి చూడొచ్చు.

సంచిక బయటికొచ్చిన వారం శనివారం, పాఢీ బాబు ఎప్పటిలాగే మధ్యాహ్నం వచ్చారు. ఎప్పటిలాగే చెప్పులు విప్పి గుమ్మంలో నిలబడ్డారు. నేను పేపరు చదువుతున్నాను. ఆయన నావైపు చూడలేదు. వంటింటివైపు తిరిగి, గొంతు సవరించుకుని, కొంచెం గట్టిగా అన్నారు.

"భావుజొ, మంచినీళ్ళు ఇస్తారేటి."

వంటింట్లో గరిట చప్పుడు ఆగింది. సుందరమ్మ చెంబుతో వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు, ముఖమంతా నవ్వు. చెంబు ఆయన చేతికిచ్చి, లోపలికి వెళుతూ నాతో అంది.

"బావా, సూస్తావేటి, మీ తమ్ముడికి పీటెయ్యి."